బోరు మోటరు ఎన్ని వాట్లు తీసుకుంటోంది? వోల్టులు, ఆంపులు కొలిచి లెక్క కట్టడం

అనంతపురం జిల్లా రైతుకు పగటిపూట తొమ్మిది గంటలు వ్యవసాయ కరెంటు ఉచితం. దాని మేలేంటో వేరే చెప్పక్కర్లేదు. కానీ దాని వెనకే ఒక ఇబ్బంది ఉంది. మోటరు తీరు మారిందని చెప్పే బిల్లు నెలనెలా ఇంటికి రాదు. ఇంట్లో ఫ్రిజ్ తేడాగా నడిస్తే యూనిట్లు పెరిగి తెలుస్తుంది. ఎనిమిది వందల అడుగుల లోతున వేలాడే మోటరు తేడాగా నడిస్తే వైండింగ్ (లోపలి తీగ చుట్లు) కాలాకే తెలుస్తుంది. అప్పుడు బోరు లాగే బండి కూలి, రీవైండింగ్ ఖర్చు, ఆ నాలుగు రోజులు చీనీ చెట్లకో శెనక్కాయకో నీళ్లు లేకపోవడం, అన్నీ ఒకేసారి మీద పడతాయి. స్టార్టరు దగ్గర రెండు అంకెలు కొలిచి వాట్లు కట్టడం వస్తే ఇందులో చాలాభాగం ముందే కనిపెట్టొచ్చు.

లెక్క చిన్నదే. బ్యాటరీ, సోలార్ ప్యానెల్ లాంటి డీసీ అయితే వోల్టులను ఆంపులతో గుణిస్తే వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 5 ఆంపులు పోతుంటే 60 వాట్లు, అంతే. ఇంటి సింగిల్ ఫేజ్ కరెంటుకు మూడో అంకె కావాలి:

వాట్లు = వోల్టులు × ఆంపులు × పవర్ ఫ్యాక్టర్

బోరు మోటరుకు వచ్చే త్రీ ఫేజ్‌కు:

వాట్లు = 1.732 × ఫేజుకీ ఫేజుకీ మధ్య వోల్టులు × ఒక వైరులోని ఆంపులు × పవర్ ఫ్యాక్టర్

ఈ 1.732 ఎందుకంటే, మూడు ఫేజుల్లో ఒక్కోదానికీ న్యూట్రల్‌కీ మధ్య 240 వోల్టులుంటే, రెండు ఫేజుల మధ్య 415 ఉంటుంది. 240ని మూడుతో గుణించినా, 415ను 1.732తో గుణించినా 720 దగ్గరే వస్తుంది. న్యూట్రల్ లేని బోరు స్టార్టరు దగ్గర మనం కొలవగలిగేది 415నే కాబట్టి రెండో దారి పట్టుకుంటాం. కొందరు 415ను మూడుతో గుణిస్తారు. అప్పుడు లెక్క 73 శాతం ఎక్కువొస్తుంది.

పవర్ ఫ్యాక్టర్ సంగతి జాగ్రత్తగా చూడాలి. మోటరు తిరగడానికి ముందు దానిలో అయస్కాంత క్షేత్రం నిలవాలి. దానికోసం వచ్చే కరెంటు పని చేయదు, లైన్లోకి వెనక్కి పోతుంది, మళ్లీ వస్తుంది. సెకనుకు 50 సార్లు సాగే ప్రతి ఆవృత్తిలోనూ ఇదే జరుగుతుంది. వైరులో అది ఆంపులుగా కనిపిస్తుంది, వైరును వేడెక్కిస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లో చోటు తీసుకుంటుంది. నీళ్లు మాత్రం ఎత్తదు. వోల్టులను ఆంపులతో గుణిస్తే ఈ రెండు రకాల కరెంటూ కలిసిన మొత్తం వస్తుంది, దాన్ని వీఏ అంటారు. అందులో నిజంగా పనికొచ్చే వంతు ఎంతో చెప్పేదే పవర్ ఫ్యాక్టర్. ఇస్త్రీపెట్టె, గీజరు, ఫిలమెంట్ బల్బులకు అది 1. నిండు లోడు మీద నడిచే, బోరు నీళ్లలో మునిగి ఉండే సబ్‌మెర్సిబుల్ మోటరుకు సుమారు 0.8.

ఇప్పుడు 5 హెచ్‌పీ మోటరు తీసుకుందాం. ఒక హెచ్‌పీ 746 వాట్లు, కాబట్టి అయిదుకు 3,730. చాలామంది ఇక్కడే ఆగి "మోటరు 3.7 కిలోవాట్లు తీసుకుంటుంది" అంటారు. ప్లేటు మీది హెచ్‌పీ షాఫ్టు దగ్గర బయటికొచ్చే శక్తి. లోపలికి పోయేది అంతకన్నా ఎక్కువ. సబ్‌మెర్సిబుల్ మోటరు సామర్థ్యం 75 శాతం అనుకుంటే 3,730ని 0.75తో భాగించాలి. 4,973 వాట్లు వస్తుంది, అంటే దాదాపు 5 కిలోవాట్లు. తొమ్మిది గంటలు నడిస్తే 45 యూనిట్లు. దీన్నుంచి ఆంపులు తీయాలంటే 4,973ను 1.732 × 415 × 0.8తో భాగించాలి: 8.65 ఆంపులు. హెచ్‌పీకి ఒకటిన్నర ఆంపు అనే నోటిలెక్క బయట ఉండే మోనోబ్లాక్ మోటర్లకు సరిపోతుంది. బోర్లో పట్టేలా సన్నగా, పొడుగ్గా చేసిన మోటరు సామర్థ్యం తక్కువ కాబట్టి దానికి ఒకటీ ముప్పావు దగ్గర పడుతుంది. మీ మోటరు ప్లేటు మీద వేరే అంకె ఉంటే దాన్నే నమ్మండి.

కొలిచేటప్పుడు

క్లాంప్ మీటరు చాలు. మన ఎలక్ట్రీషియన్లు టంగ్ టెస్టర్ అంటారు. మోటరు ఆన్ చేసి పది నిమిషాలు ఆగండి. స్టార్టు అయ్యే క్షణంలో ఆంపులు నాలుగైదు రెట్లుంటాయి, ఆ అంకెతో మనకు పని లేదు. బోరులో నీటిమట్టం దిగి నిలకడకు వచ్చాక కొలిచేదే అసలు లోడు.

స్టార్టరు డబ్బా తెరిస్తే లోపలంతా లైవే. కాళ్లకు పొడి చెప్పులుండాలి, చేతులు తడిగా ఉండకూడదు, మీటరు వైర్ల తొడుగు ఎక్కడా చిట్లి ఉండకూడదు. సెలెక్టరును ఏసీ వోల్టుల 600 లేదా 750 మీద పెట్టి, రెండు పిన్నులతో ఆర్, వై, బి అనే మూడు ఫేజుల్లో ఆర్–వై, వై–బి, బి–ఆర్ మధ్య మూడుసార్లు కొలవాలి. పిన్నులు ఆంపుల సాకెట్లో ఉండిపోయిన మల్టీమీటరుతో వోల్టేజీ కొలవబోతే ఫేజుకీ ఫేజుకీ షార్టు చేసినట్టే, మీటరు చేతిలోనే పేలుతుంది. ఆ తర్వాత సెలెక్టరును ఏసీ ఆంపులకు మార్చి, మోటరుకు పోయే మూడు వైర్లలో ఒక్కోదానికి విడివిడిగా క్లాంపు తగిలించాలి. మూడూ కలిపి పట్టుకుంటే సున్నా చూపిస్తుంది, ఒక వైరులో పోయే కరెంటు మిగతా రెండింటిలో తిరిగి వచ్చేస్తుంది కాబట్టి.

వోల్టులకు మూడింటి సగటు, ఆంపులకు మూడింటి సగటు తీసుకుని లెక్క వేయాలి. రెండూ ఒకే సమయంలో కొలిచినవై ఉండాలి. పొద్దున చూసిన వోల్టేజీని మధ్యాహ్నం ఆంపులతో గుణిస్తే ఆ అంకెకు అర్థం లేదు.

సగటుతో పాటు తేడా కూడా చూడాలి. 395, 410, 380 వచ్చాయనుకోండి. సగటు 395, ఎక్కువ తేడా 15, అంటే 3.8 శాతం. చూడ్డానికి చిన్నదే. కానీ వోల్టేజీ తేడా శాతాన్ని దానితోనే గుణించి రెట్టింపు చేస్తే, వైండింగ్ వేడి పెరుగుదల ఎన్ని శాతం ఎక్కువవుతుందో సుమారుగా వస్తుంది. ఇక్కడ 29 శాతం. ఆంపుల్లో తేడా ఇంకా పెద్దగా కనిపిస్తుంది, వోల్టేజీ తేడాకు ఆరు నుంచి పది రెట్లు. ఒక ఫేజు పూర్తిగా పోతే మిగతా రెండు వైర్లలో ఆంపులు సుమారు 1.73 రెట్లవుతాయి. ఒక ఫేజు పోగానే మోటరును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తీసేసి డైరెక్ట్ చేసుకున్న స్టార్టర్లు చాలాచోట్ల ఉన్నాయి. అది మోటరును చేతులారా కాల్చుకోవడమే.

వోల్టేజీ తగ్గితే

వోల్టేజీ తగ్గితే కరెంటు ఖర్చూ తగ్గుతుందనే నమ్మకం ఇస్త్రీపెట్టె విషయంలో నిజం. 230 వోల్టుల దగ్గర 1,000 వాట్లు తీసుకునే పెట్టె నిరోధం 52.9 ఓములు. 190 వోల్టులొస్తే 190ని 190తో గుణించి 52.9తో భాగించాలి: 682 వాట్లు. వోల్టేజీ 17 శాతం తగ్గితే వేడి 32 శాతం తగ్గింది.

మోటరు అలా కాదు. బోరులో నీళ్లు ఎత్తాల్సిన ఎత్తు వోల్టేజీని బట్టి మారదు. పంపు అడిగే శక్తిని మోటరు తక్కువ వోల్టేజీతో ఇవ్వాలంటే ఎక్కువ ఆంపులు లాగాలి. 340 వోల్టుల దగ్గర పవర్ ఫ్యాక్టర్ కాస్త పెరిగి 0.85 అయిందనుకున్నా, 4,973ను 1.732 × 340 × 0.85తో భాగిస్తే 9.9 ఆంపులు. 8.65 నుంచి 15 శాతం పెరిగింది. వైండింగ్‌లో పుట్టే వేడి ఆంపుల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అది 31 శాతం ఎక్కువ. తిప్పే బలమేమో వోల్టేజీ వర్గాన్ని బట్టి తగ్గుతుంది: 415 దగ్గర ఉన్నదానిలో మూడింట రెండు వంతులే మిగులుతుంది. లో వోల్టేజీలో మోటరు స్టార్టు కాకుండా మూలిగేది అందుకే. వాట్లు దాదాపు మారలేదు చూశారా, కాలేది ఆంపుల వల్ల. వాట్లొక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకూడదు.

పైగా స్టార్టరు దగ్గరి వోల్టేజీ మోటరు దాకా చేరదు. మధ్యలో కేబులుంది. రాగి ఫ్లాట్ కేబులు 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే కిలోమీటరుకు సుమారు 8 ఓములు, 4 అయితే 4.95, 6 అయితే 3.3. బోరు 820 అడుగులు, అంటే 250 మీటర్లు దిగితే 2.5 కేబులులో ఒక్కో వైరు నిరోధం 2 ఓములు. 1.732 × 8.65 × 2 × 0.8 లెక్కన 24 వోల్టులు దారిలోనే పోతాయి. స్టార్టరు దగ్గర 365 కనబడితే కింద మోటరుకు అందేది 340. వైర్లలో వేడిగా పోయే శక్తి మూడు వైర్లకూ కలిపి 3 × 8.65 × 8.65 × 2, అంటే 449 వాట్లు. అదే 4 కేబులు అయితే 15 వోల్టులు, 278 వాట్లు. 6 అయితే 10 వోల్టులు, 185 వాట్లు. ఆంపులు మోయగలదా అని మాత్రమే చూసి 2.5 కేబులు అమ్మే దుకాణాలున్నాయి. 9 ఆంపులు అది మోస్తుంది, అందులో అబద్ధం లేదు. కానీ బోరు లోతు అయిదు వందల అడుగులు దాటిందంటే 5 హెచ్‌పీకి 4 కన్నా సన్నం వేయొద్దనే నేను చెబుతాను. కేబుల్లో జాయింటు పడితే అక్కడ కొంత నిరోధం అదనం. మూడు జాయింట్లలో ఒకటి వదులైతే ఆ ఫేజు ఆంపులు మిగతావాటితో కలవవు. పైన కొలిస్తే కనిపించే తేడాల్లో అదొకటి.

ట్రాన్స్‌ఫార్మర్, కెపాసిటర్

పొలాల్లో పెట్టే 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ నిండుగా ఇవ్వగలిగేది 33 ఆంపులు: 25,000ను 1.732 × 433తో (దాని ప్లేటు మీది వోల్టులు) భాగిస్తే వచ్చేది. గమనించండి, దాని మీద రాసింది కిలోవాట్లు కాదు, కేవీఏ, అంటే వెయ్యి వీఏలు. పని చేయని కరెంటు కూడా దాని లెక్కలోకి వస్తుంది. 8.65 ఆంపుల మోటర్లు మూడు నడిస్తే 26 ఆంపులు, ఇబ్బంది లేదు. నాలుగోది చేరితే 34.6. లైను చివరి రైతుకు వోల్టేజీ పడిపోతుంది, అతని మోటరు మరిన్ని ఆంపులు లాగుతుంది, వోల్టేజీ ఇంకా పడుతుంది.

5 హెచ్‌పీ మోటరుకు 2 కేవీఏఆర్ (పని చేయని కరెంటును కొలిచే అంకె) కెపాసిటర్ పెడితే పవర్ ఫ్యాక్టర్ 0.8 నుంచి 0.94 దాకా పోతుంది. మోటరు అయస్కాంతానికి కావాల్సిన కరెంటులో సగానికి పైగా పక్కనే ఉన్న కెపాసిటర్ ఇస్తుంది కాబట్టి, లైన్లో 8.65 ఉన్నది 7.3కు దిగుతుంది. నాలుగు మోటర్లకూ పెడితే మొత్తం 29 ఆంపులు. అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద నాలుగోది కూడా ఇమిడిపోయింది. నలుగురూ పెడితేనే ఫలితం. ఒక్కరు పెడితే మేలు అందరికీ కొంచెం కొంచెం పంచుకుపోయి ఎవరికీ కనబడదు, "పెట్టినా ఏమీ కాలేదు" అంటారు.

కెపాసిటర్ వల్ల ఆంపులు తగ్గేది దానికి ముందు, లైను వైపు మాత్రమే. దాని తర్వాత కిందికి దిగే కేబుల్లో 8.65 అలాగే ఉంటుంది, 449 వాట్ల నష్టమూ అలాగే ఉంటుంది. మోటరు వైపు క్లాంపు పెట్టి తగ్గలేదని వాపోవద్దు. ఆంపులు ఎక్కువైతే మోటరును ఆపే ఓవర్‌లోడ్ రిలే తర్వాత కెపాసిటర్ కలిపితే రిలేకు కనిపించేది 7.3 కాబట్టి దాని సెట్టింగ్‌ను అందుకు తగ్గట్టు దించాలి. పాత సెట్టింగ్ వదిలేస్తే మోటరు ఓవర్‌లోడ్ అయినా రిలే తెగదు. కెపాసిటర్ బాగుందో లేదో చూడాలంటే దాని మూడు వైర్లకు క్లాంపు పెట్టండి: 415 దగ్గర ఒక్కోదానిలో 2.8 ఆంపులు రావాలి. ఒకదానిలో సగమో సున్నానో ఉంటే లోపల ఒక భాగం పోయినట్టు. కరెంటు తీసేశాక కూడా అందులో చార్జి నిలిచి ఉంటుంది, వెంటనే ముట్టుకోకూడదు.

ఆటో స్టార్టర్లు ఇంకో చిక్కు. కరెంటు రాగానే మూడు మోటర్లూ ఒకేసారి లేస్తే, ఒక్కోటి అయిదు రెట్లు లాగినా 130 ఆంపులు. అది 33 ఆంపుల ట్రాన్స్‌ఫార్మర్. వోల్టేజీ అమాంతం పడి ఏ మోటరూ వేగం అందుకోదు, మూడూ మూలుగుతూ వేడెక్కుతాయి. చాలా ఆటో స్టార్టర్లలో ఆలస్యం పెట్టుకునే మీట ఉంటుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ రైతులు మాట్లాడుకుని ఒకరు 30 సెకన్లు, ఒకరు 60, ఒకరు 90 పెట్టుకుంటే రూపాయి ఖర్చు లేకుండా ఈ బాధ తీరుతుంది.

ఆంపులు తగ్గినా అనుమానించాలి

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని జిల్లాలో ఎండాకాలం బోరు నీళ్లు పంపు కిందికి దిగిపోవడం మామూలే. అప్పుడు 8.65 ఉన్న ఆంపులు 5కు పడిపోవచ్చు. 1.732 × 415 × 5 × 0.8 అని కడితే 2,875 వాట్లొస్తుంది, కానీ అది తప్పు. లోడు లేని మోటరు పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉండదు, 0.4 అయితే అసలు వాట్లు 1,437 మాత్రమే. మిగిలిన ఆంపులన్నీ అయస్కాంతానివే. నీళ్లే ఆ మోటరుకు చల్లదనం, నీళ్లే బుష్షులకు కందెన. ఓవర్‌లోడ్ రిలే ఎక్కువ ఆంపులకే తెగుతుంది కాబట్టి ఇక్కడ అది పనికిరాదు. తక్కువ ఆంపులకు తెగే డ్రై రన్ ప్రివెంటర్ కావాలి. మోటరు నీళ్లతో నడిచేటప్పటి ఆంపులు కొలిచి, ఆ అంకెకూ ఖాళీగా నడిచేటప్పటి అంకెకూ మధ్యలో దాన్ని సెట్ చేయాలి.

మంచి వానలు పడి మట్టం పైకి వస్తే దీనికి తిరగబడి జరుగుతుంది. ఎత్తాల్సిన ఎత్తు తగ్గి పంపు ఎక్కువ నీళ్లు తోస్తుంది, సాధారణ బోరు పంపుల్లో దానితో పాటు ఆంపులూ పెరుగుతాయి. ప్లేటు అంకె దాటితే గేటు వాల్వును కొంచెం మూసి మళ్లీ కొలవండి.

లెక్కకట్టిన వాట్లలో నీటికి చేరేదెంతో చూడాలంటే 200 లీటర్ల డ్రమ్ము, ఫోన్లో గడియారం చాలు. డ్రమ్ము 125 సెకన్లలో నిండితే సెకనుకు 1.6 లీటర్లు. నడుస్తున్నప్పటి నీటిమట్టం, పైన తొట్టి ఎత్తు, పైపు రాపిడి కలిపి 130 మీటర్లయితే 9.81 × 1.6 × 130 = 2,040 వాట్లు. లోపలికి పోయిన 4,973లో అది 41 శాతం. బోరు సెట్టుకు ఇది మంచి అంకె. అదే డ్రమ్ము 200 సెకన్లు పడుతూ ఆంపులు పెద్దగా తగ్గకపోతే, ఇసుకకు పంపులో నీటిని తోసే ఇంపెల్లర్లు అరిగాయి, లేదా నీళ్లు పైకి తెచ్చే కాలమ్ పైపు కప్లింగ్ దగ్గర కారి నీళ్లు మళ్లీ బోర్లోకే పడుతున్నాయి. పైపు మీద చెవి పెట్టినా బోరులో నీళ్లు జారే చప్పుడు వినబడుతుంది.

పవర్ ఫ్యాక్టర్ ఊహించడం ఇష్టం లేనివాళ్లు ఇంటి మీటరుతో దాన్ని కొలిచి చూడొచ్చు. మీటరు మీద యూనిట్‌కు 3200 పల్సులని ఉంటే, ఎర్ర లైటు రెండుసార్లు మెరిసే మధ్య సెకన్లతో 1,125ను భాగిస్తే వాట్లు. అన్నీ ఆపి ఫ్రిజ్ ఒక్కటే ఉంచండి. 10 మెరుపులకు 75 సెకన్లు పడితే ఒక్కోదానికి 7.5, అంటే 150 వాట్లు. అప్పుడే 232 వోల్టులు, 0.9 ఆంపులు కొలిచారనుకుంటే గుణిస్తే 209. 150ని 209తో భాగిస్తే 0.72. ఇంత చిన్న ఆంపులు క్లాంపు సరిగ్గా చూపదు కాబట్టి ఒక్క ఫేజు వైరునే పది చుట్లు చుట్టి కొలిచి పదితో భాగించాలి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులకు, ఇన్వర్టరుకు ట్రూ ఆర్‌ఎంఎస్ అని రాసిన మీటరే వాడండి, మామూలుది తక్కువ చూపిస్తుంది.

సోలార్ పంపు ఉన్నవాళ్లకు ప్యానెల్ వైపు లెక్క తేలిక, పవర్ ఫ్యాక్టర్ గొడవ లేదు. 540 వాట్ల ప్యానెల్ అంటే నడుస్తున్నప్పుడు 41.5 వోల్టులు, 13 ఆంపులు. కర్నూలు వైపు శకునాల, గని గ్రామాల దగ్గర ఉన్న 1,000 మెగావాట్ల పార్కులోనూ ప్యానెల్ దగ్గర ఇదే గుణకారం. విడిగా ఉన్న ప్యానెల్‌కు 49.5 వోల్టులు, షార్టు చేస్తే 13.8 ఆంపులు వస్తాయని ఆ రెంటినీ గుణించి 683 వాట్లు అనుకోకూడదు. ఆ రెండూ ఎప్పుడూ ఒకేసారి రావు. పైగా 540 అనేది సెల్లు 25 డిగ్రీలున్నప్పటి మాట. మే నెలలో సెల్లు 65కు ఎక్కితే డిగ్రీకి 0.35 శాతం చొప్పున 14 శాతం పోయి 464 మిగులుతుంది. అంత ఎండలోనూ పంపు మందగించిందంటే కారణాల్లో అదొకటి.

ఈ కొలతకు డీసీ ఆంపులు చూపే క్లాంపు కావాలి. చవకైనవి చాలావరకు ఏసీకే పనికొస్తాయి, డీసీ వైరుకు పెడితే సున్నా చూపిస్తాయి. కొలిచే ముందు జీరో బటన్ నొక్కాలి. కంట్రోలరు నుంచి మోటరుకు పోయే వైపు అలలు ముక్కలు ముక్కలుగా ఉంటాయి కాబట్టి అక్కడ మామూలు మీటరు వోల్టేజీని నమ్మొద్దు, కంట్రోలరు తెర మీది అంకెనే చూసుకోండి. ప్యానెల్ కనెక్టర్లు పంపు నడుస్తుండగా ఊడదీయొద్దు. డీసీ ఆర్కు తనంతట తాను ఆరదు, ముందు కంట్రోలరు ఆపి, ప్యానెల్ లైను తెంచే ఐసోలేటరు స్విచ్చు దించి, ఆ తర్వాతే చేయి పెట్టాలి.